గుమ్మం బయటి కోటు

జనవరి 9, 1996, మంగళవారం

ఇది మా అమ్మాయి మిరెయ్ బడికెళ్ళే రోజుల్లో కొని, వాడకుండా వదిలేసిన నోటుపుస్తకం. అట్ట మీద గుర్రం బొమ్మ ఉంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి గుర్రం బొమ్మ పుస్తకంలో రాసుకుంటున్నాడని తెలిస్తే ఊరంతా నవ్విపోతుంది. తెలియదులే.

వైన్ పీపాలగదిలో ఉండే పుస్తకం వేరు. ఏ పీపా ఎప్పుడు నింపామో, ఏది ఎప్పుడు మడ్డి తేర్చామో మా తాత రోజుల నుంచీ అందులో ఉంది. ఓబ్రెసాక్ ఎస్టేట్‌కి మా తాత పీపాలగది పెద్ద, తర్వాత మా నాన్న, తర్వాత నేను. గది తాళంచెవి మా ముగ్గురి జేబుల్లోనే అరిగింది. ఆ పుస్తకం ఎస్టేట్ యజమానురాలు మదామ్ ప్రతి నెలా తెప్పించుకుని చదువుతారు. ఇప్పుడు రాయబోయేది అందులో రాసేది కాదు.

విషయం ఇంతే. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని ఈ ఉదయం పీపాలగది తలుపు తీశాను. వాసన తేడాగా ఉంది. తడిసిన అట్టపెట్టెని మూల పడేసి మర్చిపోతే వచ్చే వాసన. రెండు నిమిషాల్లో పోయింది.

జ్వరం తగ్గిన ముక్కు కదా. అందుకే అయి ఉంటుంది.

జనవరి 10

ఈ రోజు ఏ వాసనా లేదు. జ్వరమే.

జనవరి 13, శనివారం

మా ఆవిడ ఒదెట్ నా కోటు రెండు వేళ్ళతో పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏంటయ్యా ఇది? తడిసిన కుక్కని చంకలో పెట్టుకుని తిరిగావా?"

"వానలో తడిసిందే."

"వానలో తడిసిన కోటు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ కోటు ఇంట్లోకి వస్తే వైన్ వాసన, చెక్క వాసన. మా అక్కలు నన్ను తాగుబోతు పెళ్ళామని ఏడిపించేవాళ్ళు. ఇది ఆ వాసన కాదు."

"అయితే ఏ వాసనంటావ్?"

"నన్నడుగుతావేం? ఈ ఇంట్లో ముక్కు నీదేగా."

కోటు తీసుకెళ్ళి గుమ్మం బయట మేకుకి తగిలించింది. తడి గొడుగులు తగిలించే మేకు అది. పైకి నవ్వాను.

కోటు పాతబడింది. కొత్తది కొనాలి.

జనవరి 17

రాసేస్తే మనసు తేలికపడుతుందేమో.

క్రిస్మస్ ముందు అతిథులు వస్తున్నారని మదామ్ కబురు పెట్టారు. చలికాలం తడికి పీపాలగది నేల, గోడల అడుగులు బూజు పట్టి నల్లగా ఉన్నాయి. పనివాళ్ళిద్దరూ సెలవు మీద ఉన్నారు. ఒదెట్ బట్టలుతికే గదిలోంచి బ్లీచింగ్ నీళ్ళ డబ్బాలు నాలుగు తెచ్చి, నేలంతా పోసి, ఒక్కణ్ణే మోకాళ్ళ మీద కూర్చుని తోమాను. నేల పళ్ళెంలా మెరిసింది. మదామ్ వచ్చి గుమ్మంలో నిలబడి, "మీ నాన్నగారి రోజుల్లో కూడా గది ఇంత శుభ్రంగా లేదు, అబెల్" అన్నారు. ఆ మాటకి ఉబ్బిపోయి మర్నాడు మిగిలిన రెండు డబ్బాలు కూడా పోసేశాను.

సెగొలెన్ వద్దని చెప్పింది. బోర్డోలో ల్యాబ్ నుంచి నెలకి రెండుసార్లు వచ్చి మా వైన్ పరీక్ష చేసే పిల్ల. పిల్లంటే ముప్పై దాటి ఉంటాయి. అంతకుముందు శరత్కాలంలోనే చెప్పింది: "అబెల్ గారూ, ఇల్లు ఎలా కడుక్కున్నా సరే, పీపాలున్న చోట మాత్రం బ్లీచింగ్ వాడకండి. అదీ, చెక్కా, బూజూ కలిస్తే ఒక పాడు వాసన పుడుతుంది. గోడల్లోకి పాకుతుంది, దూలాల్లోకి పాకుతుంది, చివరికి వైన్‌లోకి దిగుతుంది. దిగాక తీయడం ఎవరి వల్లా కాదు."

"మా అమ్మ నన్ను బ్లీచింగ్‌లో ముంచే పెంచిందమ్మా" అన్నాను. పనివాళ్ళు పడీపడీ నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు.

రాశాను. తేలికేమీ పడలేదు.

జనవరి 18

ఆరు డబ్బాలు. నూట నలభై పీపాలు.

జనవరి 24

అన్ని వరసల్లోనూ గొట్టంతో కొంచెం కొంచెం తీసి రుచి చూశాను. అక్టోబరులో ఈ వైన్ గ్లాసులో పోస్తే గదికి అవతలున్నవాడు కూడా తలెత్తేవాడు. నల్లటి పండ్లు, అప్పుడే చెక్కిన పెన్సిలు, వాన పడ్డాక మా గులకరాళ్ళ నేల. నా చేతుల మీద ఇంత మంచి పంట రాలేదు, ఇక రాదు కూడా. ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే ఏమీ లేదు. చెడ్డగా లేదు. ఏమీ లేదు, అంతే. అలిగి మాట్లాడటం మానేసిన మనిషిలా ఉంది.

చలికి వైన్ ముడుచుకుంటుంది. నాన్న అనేవాడు.

ఇంకో సంగతి. మా తాత హయాంలో ఆడవాళ్ళు పీపాలగది గుమ్మం దాటకూడదు, దాటితే వైన్ విరుగుతుందనేవారు. ఒదెట్ ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. యజమాని అయ్యుండి మదామ్ కూడా గుమ్మంలోనే నిలబడి గ్లాసు అందుకుంటారు. సెగొలెన్ ఒక్కతే లోపలంతా తిరుగుతుంది. ఒకవేళ అదేమో.

రాసినది చదువుకుంటే సిగ్గేసింది. కొట్టెయ్యను. ఉండనీ, నా బుద్ధి ఎలా పోతోందో నాకు తెలియాలి.

ఫిబ్రవరి 6, మంగళవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

మదామ్, సెగొలెన్ పదింటికి వచ్చారు. ఏప్రిల్ మొదట్లో వ్యాపారులు వచ్చి పీపాల్లో వైన్ రుచి చూసి కొంటారు కాబట్టి దానికి ముందు ఇది ఇంటి పరీక్ష. మదామ్ మామూలుగానే గుమ్మంలో నిలబడ్డారు. సెగొలెన్ ముందు వరసలోని కొత్త పీపాల నుంచి తీసుకుంది. వాసన చూసింది. మళ్ళీ చూసింది. నోట్లో పోసుకుని తిప్పి ఉమ్మేసింది. గ్లాసు కింద పెట్టలేదు.

"అబెల్ గారూ, మీకేం అనిపిస్తోంది?"

గొట్టం చివర గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను.

"బూజు పట్టిన వాసన. సన్నగా ఉంది గానీ ఉంది" అంది. "మదామ్, ఇది మామూలు విషయం కాదు."

మదామ్ నా వైపు తిరిగారు. డెబ్బై ఆరేళ్ళు ఆవిడకి. కళ్ళు మాత్రం ఇప్పటికీ సూదులు. "ఎక్కడి నుంచి వచ్చింది, అబెల్?"

"కొత్త పీపాలు" అన్నాను.

ఆ మాట అనాలని ముందుగా అనుకోలేదు. దేవుడి మీద ఒట్టు. నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. వచ్చాక దాన్ని నిలబెట్టడానికి నా కాళ్ళు వాటంతటవే నడిచాయి. వెనక చిన్నగదిలో పన్నెండు పాత పీపాలు ఉన్నాయి, అక్కడ నేను బ్లీచింగ్ పోయలేదు. అక్కడికి వెళ్ళి తీసుకొచ్చి, "ఇది పాత పీపాల్లోది, చూడండి" అని ఇచ్చాను. మదామ్ రుచి చూసి కళ్ళు మూసుకున్నారు. సెగొలెన్ రుచి చూసి, "ఇది శుభ్రంగా ఉంది. అద్భుతంగా ఉంది" అంది.

"అయితే చెక్కదే తప్పు" అన్నారు మదామ్.

పెద్ద గదిలోని నూట నలభైలో కొత్త పీపాలు అరవై, మిగతావి పాతవే. ఆ అరవైనీ చేసింది ఇజిదోర్. చిన్నప్పుడు బడిలో నా పక్కన కూర్చున్నవాడు, ఇప్పుడు మా వియ్యంకుడు. మిరెయ్‌ని ఇచ్చింది వాడి కొడుకు తిబోకే.

ఫిబ్రవరి 7

రేపు నిజం చెప్తాను.

ఫిబ్రవరి 8

మదామ్ ఇజిదోర్‌కి ఉత్తరం పంపేశారట. ఇక చెప్పీ లాభం లేదు.

ఫిబ్రవరి 10, శనివారం

ఇజిదోర్ వచ్చాడు. గొడవ పడతాడనుకున్నాను. పడితే బాగుండేది. రెండు తిట్లు తిట్టుకుంటే, మాట మీద మాట పెరిగితే, ఏదో ఒకటి నోరుజారి బయటపడేవాణ్ణేమో.

టోపీ తీసి చంకలో పెట్టుకుని పీపాల మధ్య తిరిగాడు. ఒక్కొక్క పీపా మీద అరచెయ్యి వేశాడు. రుచి చూశాడు.

"నాకు తెలియట్లేదు, బావా. ఏదో లేనట్టుంది గానీ ఉన్నదేంటో అంతు చిక్కట్లేదు. నీకు చెక్కలోనే అనిపించిందా?"

"అనిపించింది."

"నువ్వన్నావంటే ఉన్నట్టే" అన్నాడు. "నీ ముక్కుని కాదని నేను ఏ రోజైనా ఏమైనా అన్నానా? మూడేళ్ళు ఎండబెట్టాను, బావా. ఎక్కడో కింద వరసకి తడి తగిలి ఉంటుంది. చూస్తా. ఒక్కో పలకా విప్పి చూస్తా."

వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టాడు. "నువ్వేం బాధపడకు. నా తప్పుకి నీ మొహం అంత పీక్కుపోవడమెందుకు?" అన్నాడు.



ఫిబ్రవరి 20

సెగొలెన్ చిన్న చిన్న పళ్ళేలు ఆరు తెచ్చింది. వాటిలో తెల్లటి మెత్తని మట్టిపొడి ఉంది. పీపాల మధ్య, దూలాల మీద పెట్టింది.

"ఇదేంటమ్మా, ఎలుకల మందా?"

"గాలిలో ఏముందో ఈ పొడి పీల్చుకుంటుంది, అబెల్ గారూ. వారం ఉంచి ల్యాబ్‌కి తీసుకెళ్తాను. తప్పు చెక్కదో, గదిదో తేలిపోతుంది."

నా వైపు చూడకుండానే అంది. అనుమానం ఉందో, లేదో తెలియదు. ఈ రోజు నుంచి నాకు ఆ ఆరు పళ్ళేలు తప్ప ఏమీ కనబడటం లేదు. పీపాలు నింపుతుంటే అవి నా వీపు వైపు చూస్తున్నట్టుంది.

ఫిబ్రవరి 21

గదిలో నిజంగానే ఎలుకలున్నాయి. పొడిని ముట్టుకుంటే పరీక్ష పాడైపోతుంది. అందుకని పళ్ళేలు తీసుకెళ్ళి ట్రాక్టరు షెడ్డులో అటక మీద పెట్టాను. అక్కడ గాలి బాగా ఆడుతుంది. సెగొలెన్ వచ్చే రోజు పొద్దున్నే మళ్ళీ యథాస్థానంలో పెడితే సరి.

ఎలుకల కోసమే.

ఫిబ్రవరి 27

పెట్టాను. తీసుకెళ్ళింది.

మార్చి 8, శుక్రవారం

ల్యాబ్ కాగితం వచ్చింది. గది గాలి శుభ్రంగా ఉందట. మదామ్ ఆ కాగితాన్ని ఇజిదోర్‌కి పంపారు. ఓబ్రెసాక్‌కి ఇక వాడి పీపాలు రావు. మదామ్ చెప్పకపోయినా ఈ చుట్టుపక్కల ఎస్టేట్లన్నింటికీ నెల తిరక్కుండానే తెలిసిపోతుంది. ఇక్కడ ఎవరింట్లో పులుసు మాడినా ఎనిమిది ఊళ్ళకి తెలుస్తుంది.

అనుమానం కాస్తా రుజువైంది. రుజువు చేసింది నేను. ఎలుకలు కాదు.

మార్చి 12

ఒదెట్ ఉల్లికాడలు తరుగుతూ అడిగింది.

"డిసెంబర్లో నా బ్లీచింగ్ డబ్బాలు ఆరు కనబడకుండా పోయాయి. నువ్వేమైనా తీశావా?"

"ట్రాక్టరు కడిగాను."

"ట్రాక్టరా."

"ఊఁ."

"ఆరు డబ్బాలతో."

"పెద్ద ట్రాక్టరే అది."

తరుగుతూనే ఉంది. కత్తి పలక మీద పడే చప్పుడు చాలాసేపు విన్నాను.

మార్చి 17, ఆదివారం

ఇజిదోర్ ఇంట్లో భోజనం. మిరెయ్‌కి ఆరో నెల. పిల్ల మొహం నిండుగా ఉంది. నన్ను చూసి, "నాన్నా, చిక్కిపోయావేంటి?" అంది. మాట మార్చాను.

ఇజిదోర్‌కి ఒక అలవాటు ఉంది. సూప్ గిన్నె అడుగుకి వచ్చాక అందులో ఇంత ఎర్ర వైన్ పోసుకుని, గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగేస్తాడు. వాళ్ళ నాన్నా అంతే, మా నాన్నా అంతే. ఈ రోజు వైన్ పోసుకునే ముందు సీసా మూతి వాసన చూశాడు. గిన్నె వాసన చూశాడు. తర్వాత తన అరచేతులు వాసన చూసుకున్నాడు. పోసుకోకుండానే సీసా పక్కన పెట్టేశాడు. మిరెయ్ రొట్టె అందరికీ మళ్ళీ వడ్డించింది.

తర్వాత నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. వాడి పెరడు నిండా ఓక్ పలకలు మనిషెత్తున పేర్చి ఉంటాయి, మూడేళ్ళు వానకీ ఎండకీ వదిలేస్తే గానీ పీపాకి పనికిరావు. కొడుక్కి పెళ్ళయిన ఏడాది పేర్చినవి ఈ ఏడు తయారయ్యాయి. అవన్నీ తిబో చేతిమీదుగా పీపాలు కావాలని వాడి ఆశ.

"నలభై పలకలు విప్పి చూశాను, బావా. నానబెట్టాను, కాల్చాను, వాసన చూశాను. నాకేమీ దొరకలేదు. అంటే నా ముక్కు పోయిందన్నమాట. ముక్కు పోయినవాడు పీపాలు చెయ్యకూడదు."

"తొందరపడకు, ఇజిదోర్."

"ఇది తిబో నెత్తిన పెట్టి పోవడం ఇష్టం లేదు. పుట్టబోయే వాడికి కూడా ఇదే పేరు అంటుకుంటుంది. ముప్పయ్యో తారీకు శనివారం కట్టెల లారీ వస్తోంది. పొయ్యిలోకే పోనీ. తిబోకి స్టేషన్ దగ్గర ఏదో ఉద్యోగం ఉందట."

మూడేళ్ళ చెక్క. కట్టెల లారీ.



మార్చి 19

పదకొండు రోజులు ఉన్నాయి. లారీ రాకపోవచ్చు.

మార్చి 21

నిజం చెప్తే ఏమవుతుంది? తాళంచెవి పోతుంది. ఎస్టేట్ ఇచ్చిన ఈ ఇల్లు పోవచ్చు. అవన్నీ అటుంచితే, మదామ్ ఇంటి అడుగున ఒక అల్మారా ఉంది. నూట నలభై ఏళ్ళకి పైగా ప్రతి ఏటి వైన్ ఒక్కొక్క సీసా అందులో ఉంటుంది. రెండు యుద్ధాల్లోనూ ఒక్క ఏడు తప్పలేదు. ముందు అరలవి మా తాతకంటే ముందువాళ్ళు నింపినవి, తర్వాతవి మా తాతవి, ఆ తర్వాతవి మా నాన్నవి. వడగళ్ళు పడ్డ ఏళ్ళున్నాయి, మగవాళ్ళు ఊళ్ళో లేని ఏళ్ళున్నాయి. ఖాళీ మాత్రం లేదు. తప్పు గదిదని తేలితే అరవై కాదు, పెద్ద గదిలో వైన్ అంతా పోతుంది, నా పేరు మీద ఖాళీ వస్తుంది.

ఇజిదోర్‌కి ఏమవుతుంది? అది మాత్రం ఆలోచించను.

మార్చి 22

ఆలోచించాను.

మార్చి 26, మంగళవారం

నాకు ఏ వాసనా రావడం లేదు. రెండు నెలలుగా రోజూ పొద్దున తలుపు తీసి గుండెలనిండా పీలుస్తున్నాను. ఏమీ లేదు. అసలు ఆ వాసనే లేదేమో, నేనే భయంతో పుట్టించుకున్నానేమో, నిజంగా చెక్కదే తప్పేమోనని ఈ రోజు పొద్దున పూర్తిగా నమ్మేశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఓ గంట సేపు ఈల వేసుకుంటూ పని చేశాను.

తర్వాత భోజనానికి ఇంటికి వెళ్ళాను. గుమ్మం బయట మేకు. అలవాటు కొద్దీ కోటు విప్పి దానికే తగిలించాను. తగిలిస్తూ ఆగిపోయాను. ఒదెట్ ఆ కోటుని ఇంకా లోపలికి రానివ్వడం లేదు.

ఒదెట్‌ని పిలిచాను. "ఒకసారి నాతో రా" అన్నాను.

"ఎక్కడికి?"

"పీపాలగదికి."

చేతులు ఏప్రానుకి తుడుచుకుని నా మొహంలోకి చూసింది. "మీ తాత సమాధిలోంచి లేచొస్తాడేమో."

"రానీ. ఆయనకీ ఒక మాట చెప్పాలి."

గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, కుడికాలు లోపల పెట్టింది. నాలుగడుగులు వేసింది. ముప్పై ఒక్క ఏళ్ళు పక్కింట్లో కాపురం చేసి మొదటిసారి చూస్తోంది గదిని. పీపాల వైపు చూడలేదు, పైకప్పు వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని ముక్కుతో పీల్చింది.

"ఇదే" అంది. "నీ కోటు."

"గట్టిగా చెప్పు."

"ఎంత గట్టిగా చెప్పమంటావ్? తలుపు తీయగానే మొహాన కొట్టింది. గది నిండా ఇదే. గోడల్లో ఉంది, నేల్లో ఉంది. నీకు తెలియట్లేదా, అబెల్?"

"తెలియట్లేదు."

ఒదెట్ నా చెయ్యి పట్టుకుంది. పెళ్ళైన కొత్తలో తప్ప బయట ఎప్పుడూ పట్టుకోలేదు.

"ట్రాక్టరు కాదు కదూ" అంది.

"కాదు."

మార్చి 29, శుక్రవారం

మూడు రోజులు ఆగాను. ఎందుకు ఆగానంటే పిరికివాణ్ణి కాబట్టి. ఒదెట్ ఒక్క మాట కూడా తొందరపెట్టలేదు. ఈ రోజు పొద్దున కాఫీ ముందు పెట్టి, "రేపు లారీ వస్తుంది" అని మాత్రం అంది.

ఇజిదోర్ పెరట్లో ఉన్నాడు. రేపటికి లెక్కించి పెట్టడానికి పలకల కట్టలకి తాళ్ళు వేస్తున్నాడు. ఇన్నేళ్ళలో వాడి ముందు నిలబడటానికి భయం వెయ్యడం ఇదే మొదటిసారి.

"చెక్క కాదు" అన్నాను. "నేనే."

తాడు వదలకుండా నా వైపు తిరిగాడు. మొత్తం చెప్పాను. బ్లీచింగ్ సంగతి, వెనక గదిలోంచి తెచ్చిన గ్లాసు సంగతి, అటక మీద పెట్టిన పళ్ళేల సంగతి. ఎలుకల సంగతి కూడా చెప్పబోయి మానేశాను.

కోపం వస్తే వాడి మెడ ఎర్రబడుతుంది. ఎర్రబడలేదు. తెల్లబడింది.

"రెండు నెలలుగా నేను నా చేతులు మొహం మీద పెట్టుకుని పడుకుంటున్నాను, తెలుసా? వాసన వస్తుందేమోనని. రాదు. రావట్లేదంటే నాలోనే ఏదో పాడైందని అనుకునేవాణ్ణి. మా ఆవిడ డాక్టరు దగ్గరికి పదమని ఏడ్చింది."

"ఇజిదోర్..."

"నా చెక్క మంచిదేనా?"

"మంచిదే."

"నా ముక్కు?"

"అదీ మంచిదే."

"అయితే నువ్వెళ్ళు, అబెల్" అన్నాడు.

యాభై ఏళ్ళ పరిచయంలో వాడు నన్ను పేరు పెట్టి పిలిచింది బళ్ళో చదివే రోజుల్లోనే. వచ్చేస్తూ వెనక్కి చూశాను. కట్టలకి వేసిన తాళ్ళు ఒక్కొక్కటీ విప్పుతున్నాడు.

అటు నుంచి అటే మదామ్ దగ్గరికి వెళ్ళాను. ఇంటికి వెళ్తే మళ్ళీ బయటికి రాలేనని తెలుసు.

మార్చి 30

నిన్న మదామ్ అన్న మాటలు ఈ రోజు రాస్తున్నాను.

కూర్చోమన్నారు. నేను కూర్చోలేదు. అంతా విన్నాక లేచి, కర్ర తీసుకుని, పీపాలగదికి నడిచారు. నేను వెనక నడిచాను. గుమ్మం దగ్గర ఎప్పటిలా ఆగుతారనుకున్నాను. ఆగలేదు. లోపలికి వెళ్ళి నడిమధ్యన నిలబడ్డారు.

"నేను యాభై ఏళ్ళుగా ఆ గుమ్మంలోనే నిలబడి ఈ గదిని మీ ఇంటివాళ్ళ ముక్కులకి వదిలేశాను" అన్నారు. "లోపలికి వచ్చి ఉంటే జనవరిలోనే తెలిసేది."

"తప్పు నాది, మదామ్."

"తప్పు మీదే. నాదని నేననలేదు."

వ్యాపారులకి కబురు పెడతారట. పెద్ద గదిలో ఉన్న వైన్ మీద ఓబ్రెసాక్ పేరు పడదు. అదంతా సారాబట్టీకి పోతుంది. వెనక గదిలోని పన్నెండు పీపాలైనా మిగిలాయి కదా, అల్మారాకి ఒక్క సీసా అయినా అందులోంచి నింపవచ్చు కదా అని నేనే నోరు తెరిచి అడిగాను. ఇంకా సిగ్గు రాలేదు నాకు.

"పన్నెండు పీపాలతో ఓబ్రెసాక్ కాదు. ఆ జాగా ఖాళీగానే ఉంటుంది" అన్నారు. "నా తర్వాత వచ్చేవాళ్ళు ఎందుకని అడగాలి. మీరు రెండేళ్ళలో రిటైరవుతారు. అప్పటిదాకా ఇంట్లో ఉండండి. పని మాత్రం తోటలో. ఇజిదోర్‌కి నేనే వెళ్ళి చెప్తాను, వెళ్ళి క్షమాపణ అడుగుతాను. నా ఉత్తరానికి."

తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాను. నా జేబు ఎంత తేలికైందంటే, నడుస్తుంటే ఒక పక్కకి ఒరిగిపోతున్నట్టుంది. సెగొలెన్ ఎదురై, "నమస్కారం, అబెల్ గారూ" అంది. అంతే. మిమ్మల్ని హెచ్చరించాను కదా అనలేదు. అని ఉంటే బాగుండేది.

లారీ ఈ రోజు ఖాళీగా వెనక్కి పోయిందని మిరెయ్ ఫోన్ చేసింది.

ఏప్రిల్ 7, ఈస్టర్ ఆదివారం

మా ఇంట్లో భోజనం. మిరెయ్ కోసం ఇజిదోర్ వచ్చాడు. నాతో మాట్లాడలేదు. గొర్రెపిల్ల మాంసం బాగుందని ఒదెట్‌తో అన్నాడు. ఉప్పు అడిగితే నా వైపు జరిపాడు, చూడకుండా. సూప్ అయ్యాక సీసా తీసుకుని, వాసన చూడకుండా గిన్నెలో ఒంపుకుని, రెండు చేతులతో ఎత్తి తాగాడు.

నాకు ఏడుపొచ్చింది. పొయ్యి చూసొస్తానని లేచి వెళ్ళాను.

ఏప్రిల్ 16

పీపాలు తీసుకెళ్తున్నారు. తోటలో తీగలు కడుతూ వినపడనట్టు ఉన్నాను.

ఏప్రిల్ 27, శనివారం

నెలయింది తోటలో. తెల్లవారుజామున మంచు పడి లేత చిగుళ్ళు మాడిపోతాయేమోనని అందరూ ఆకాశం వైపే చూస్తున్నారు. భయమే గానీ ఇది అందరి భయం. పక్కవాడితో చెప్పుకోవచ్చు. అది ఎంత సుఖమో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి కోటు మేకుకి తగిలించి లోపలికి వెళ్ళాను. కాసేపటికి ఒదెట్ బయటికి వెళ్ళింది. కిటికీలోంచి చూస్తున్నాను. కోటు తీసి కాలరు వాసన చూసింది. కోటు చేతులు రెండూ వాసన చూసింది. లోపలివైపు తిప్పి, మొహం మొత్తం అందులో పెట్టి పీల్చింది.

"ఏముంది?" అన్నాను.

"ఏమీ లేదు."

"ఆ వాసన?"

"పోయింది."

మళ్ళీ అడిగాను. "వైన్ వాసన?"

మళ్ళీ ఒకసారి చూసింది. నా కోసం చూసినట్టుంది, ఈసారి చాలాసేపు.

"అదీ లేదయ్యా" అంది.

కోటు దులిపి, లోపలికి తెచ్చి, వంటింటి తలుపు వెనక పాత చోటే తగిలించింది.